చెవిలో హోరుకు మెడలో ఇంజెక్షనా?

(తెర మీద: చీమకుర్తి క్వారీ. డ్రిల్లింగ్ మోత ఆగుతుంది, సన్నని కూత మిగులుతుంది.)

చెవిలో ఎప్పుడూ గుయ్‌మంటూ ఉంటుంది. వినికిడి పరీక్ష, స్కాన్ అన్నీ నార్మల్. అప్పుడే ఎవరో ఒకరు "మెడ నరానికి ఇంజెక్షన్ చేస్తే పోతుందట" అంటారు. నెల్లూరులో చెన్నై బస్సెక్కే ముందు ఒక్క నిమిషం వినండి.

(బొమ్మ: చెవి నుంచి మెదడుకు నరం)

చెవి నరం మెదడులో ముందుగా చేరే చోటు కాక్లియర్ న్యూక్లియస్. అక్కడికి శబ్దం ఒక్కటే రాదు. దవడ, ముఖం నుంచి ట్రైజెమినల్ నరం, మెడ పైభాగం నుంచి మరికొన్ని నరాలు తెచ్చే సంకేతాలూ అక్కడే కలుస్తాయి. పాత ల్యాండ్‌లైన్‌లో క్రాస్ టాక్ లాగా, మెడలోని ఇబ్బంది చెవిలో మోతగా వినిపించవచ్చు. కందుకూరు వైపు పొగాకు గ్రేడింగ్‌లో పొద్దస్తమానం తల వంచి కూర్చునే ఆడవాళ్ల మెడల సంగతి చెప్పాలా!

ఇప్పుడు పళ్లు గట్టిగా బిగించండి. తర్వాత అరచెయ్యి నుదుటికి ఆనించి, తలతో ముందుకు నెట్టండి. మోత పెరిగిందా? తగ్గిందా? మారితే మెడ, దవడల పాత్ర ఉండొచ్చు. అంతమాత్రాన ఖాయం కాదు, చాలా మందిలో ఎంతో కొంత మారుతుంది.

(తెర మీద: తల వెనుక భాగం)

ఆ మెడ ఇంజెక్షన్‌నే నెర్వ్ బ్లాక్ అంటారు. అంటే తల వెనుక ఆక్సిపిటల్ నరం పక్కన లిగ్నోకైన్ లాంటి మందు ఎక్కించడం. పన్ను పీకేముందు ఇచ్చే మత్తుమందే ఇది. దీనికి పాత చరిత్రే ఉంది. నోబెల్ అందుకున్న చెవి వైద్యుడు రాబర్ట్ బరానీ, మత్తు ఇంజెక్షన్ తర్వాత చెవి హోరు కాసేపు తగ్గడం గురించి 1935లోనే రాశాడు. "కాసేపు" అన్న మాట వదిలేయకండి. మత్తు ఉండేది కొన్ని గంటలే. కొందరికి ఉపశమనం అంతకు మించి నిలుస్తుంది గానీ, ఇప్పటిదాకా జరిగినవి ఎక్కువగా చిన్న పరిశీలనలే. గ్యారంటీ అన్నవాళ్లను నేనైతే నమ్మను.

క్వారీలో ఏళ్లకేళ్లు చెవిలో దూది పెట్టుకుని పనిచేసినవాళ్ల లెక్క వేరు. దూది ఆ మోతను పెద్దగా ఆపదు. లోపలి చెవి కణాలు దెబ్బతింటే ఏ బ్లాకూ వాటిని తిరిగి తేలేదు. వాళ్లకు వినికిడి యంత్రం మేలు. దాంతో హోరూ చాలా మందికి అణుగుతుంది. నిద్ర పట్టనంత టెన్షన్ ఉంటే సీబీటీ అనే కౌన్సెలింగ్ పనికొస్తుంది.

గొంతు పక్కన స్టెల్లేట్ అనే నరాల ముడి దగ్గర చేసే స్టెల్లేట్ బ్లాక్ గురించి చెబితే, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారా అని అడగండి. పక్కనే పెద్ద రక్తనాళాలుంటాయి. ఆ వైపు కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం కొన్ని గంటలు ఉండొచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

(తెర మీద ఎర్ర అక్షరాలు: వెంటనే ఈఎన్‌టీ)

మోత నాడితో పాటే కొట్టుకుంటున్నా, ఒక్క చెవిలోనే ఉన్నా ముందు కారణం తేల్చుకోవాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం బ్లాక్ మాట పక్కన పెట్టి ఆ రోజే వెళ్లండి. స్టెరాయిడ్ మొదటి రెండు వారాల్లోపే పడాలి.