గోపురానికీ గుమ్మానికీ మధ్య ఉన్న నేల

(గుంటూరులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

చేబ్రోలు, మంగళగిరి, పొన్నూరు, భట్టిప్రోలు, అమరావతి. ఇలాంటి ఊళ్ళ గురించి మాట్లాడమన్నప్పుడు అందరూ ముందు గుడి గురించే అడుగుతారు. నేను మాత్రం నేల దగ్గర మొదలుపెడతాను. గుడి కూలుస్తామంటే ఊరంతా లేస్తుంది. చెరువుగట్టు రెండు గజాలు లోపలికి జరిగితే ఎవరూ అడగరు. రథం తిరిగే మలుపులో ఒక మెట్టు ముందుకొస్తే పక్కింటాయన కూడా మాట్లాడడు. పదేళ్ళు తిరిగేసరికి గోపురం అలాగే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న ఊరు మాత్రం మారిపోయి ఉంటుంది. చెరువు, రథవీధి, సంత జరిగే చోటు, శ్మశానం, పశువుల బాట. ఊరి రూపమంతా ఈ ఖాళీలలోనే ఉంది. వీటికి ఇంటి యజమాని లాంటివాడు ఎవడూ ఉండడు. అందుకే ఇవి ముందు పోతాయి.

పోవడానికి ఎవరికీ దురుద్దేశం ఉండక్కర్లేదు. అమరావతి బౌద్ధ స్తూపం సంగతే చూడండి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్న రోజుల్లో ఆ దిబ్బను ఇటుకకూ రాయికీ తవ్వారు. చెక్కిన పలకలు కొన్ని గోడల్లోకి వెళ్ళాయి, కొన్నింటిని సున్నానికి కాల్చారు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ 1816 తర్వాత బొమ్మలు గీయించేనాటికే చాలా భాగం లేదు. భట్టిప్రోలులో 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్వేసరికి స్తూపం ఇటుకలూ రాళ్ళూ అప్పటికే రోడ్లకూ కాలువ పనులకూ తరలిపోయాయి. తవ్వినవాళ్ళకు కావలసింది సామాను. అది ఫలానాది అని ఏ లెక్కలోనూ రాసి లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ మన పక్కనే, చేబ్రోలులో ఉంది. భీమేశ్వరాలయం బాగుచేస్తుండగా దొరికిన ఒక రాతి స్తంభం గురించి ఊళ్ళోవాళ్ళే పురావస్తు శాఖ శాసన విభాగానికి చెప్పారు. 2019లో చదివి చూస్తే అది శాతవాహన రాజు విజయుని 5వ పాలనా సంవత్సరం నాటిది, అంటే క్రీ.శ. 207. బ్రాహ్మీ లిపి, సంస్కృత భాష. తాంబ్రపె అనే ఊళ్ళో కార్తికుడనే వ్యక్తి శక్తిమాతృక గుడి దగ్గర ప్రాసాదం, మండపం కట్టించాడని అందులో ఉంది. తాంబ్రపె అంటే ఇప్పటి చేబ్రోలే. దక్షిణ భారతంలో ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనాలన్నిటిలో ఇదే పాతదన్నారు. ఆ స్తంభాన్ని ముక్కలు చేసి పునాదిలో వేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

ఇక పని సంగతి. ప్రతి ఊళ్ళో ఒక కమిటీ వేసుకుని, ఊరి ఉమ్మడి స్థలాల జాబితా రాసుకోవాలి.

మీ ఊరి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, అంటే ఆర్.ఎస్.ఆర్. నకలు సంపాదించండి. ప్రతి సర్వే నంబరూ ఏ రకం భూమో, ఎంత విస్తీర్ణమో రాసిన పాత రికార్డు అది. దానితో పాటు గ్రామ పటం, చెరువు, బాట, శ్మశానం ఉన్న సర్వే నంబర్ల ఎఫ్.ఎం.బి., అంటే హద్దులూ కొలతలూ గీసిన పటం, నకళ్ళు. గుడి మాన్యాలకైతే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్, అంటే ఇనాం భూముల లెక్క, కూడా కావాలి. అడంగల్‌తో సరిపెట్టుకోకండి. అది ఏటేటా రాసే సాగు లెక్క, అందులో పేరు ఎక్కడం తేలిక. ఆర్.ఎస్.ఆర్.లో పోరంబోకు, అంటే శిస్తులేని ఉమ్మడి భూమి, అని ఉండి, రిమార్కుల గడిలో చెరువు అనో వాగు అనో శ్మశానం అనో రాసి ఉంటే, అదే మీకు గట్టి ఆధారం. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. "ఊరి భూముల వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే తిరిగొస్తుంది. సర్వే నంబరు, ఏ రిజిస్టరు, ఎన్ని పేజీలు, ఇలా రాయండి.

ఎఫ్.ఎం.బి. చదవడంలో చాలామంది ఒకే చోట తప్పు చేస్తారు. పాత పటాల్లో గీత మీద 250 అని ఉంటే అది అడుగులు కావు, లింకులు. 100 లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు. అంటే 250 లింకులు 165 అడుగులే. అడుగులనుకుని టేపు పట్టుకుని వెళితే పక్కరైతు పొలంలోకి 85 అడుగులు దూరి, అక్కడ గొడవ పెట్టుకుని, కమిటీ పరువు మొదటిరోజే పోతుంది. కొత్త పటాలు మీటర్లలో ఉంటాయి. ముందు పటం అంచున ఉన్న స్కేలు చూడండి. రీసర్వే పూర్తయిన ఊళ్ళలో సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు, అంటే ఒక్కో భూఖండానికి ఇచ్చిన కొత్త నంబరు, వచ్చింది. అక్కడ పాత విస్తీర్ణాన్నీ కొత్త విస్తీర్ణాన్నీ పక్కపక్కన రాసి చూడండి. చెరువుకు 40 సెంట్లు తగ్గితే, అంటే 1,936 చదరపు గజాలు, ఆ తగ్గింది ఎవరి ఎల్.పి.ఎం.లో పెరిగిందో కూడా కాగితం మీదే తేలుతుంది.

మీ టేపు కొలత మీకు అవగాహన కోసం. చెల్లేది సర్వేయరు కొలతే. అందుకని ఎఫ్-లైను దరఖాస్తు, అంటే సర్వేయరు వచ్చి హద్దులు కొలవమని కోరేది, పెట్టించండి, వీలైతే పంచాయతీ తీర్మానంతో. కొలత వేసవి చివర్లో, చెరువు అడుగంటినప్పుడు పెట్టుకోవాలి. నీళ్ళున్నప్పుడు లోపలి హద్దు దొరకదు. చుట్టుపక్కల రైతులందరికీ ముందే నోటీసు అందాలి, లేకపోతే ఆ కొలతను రేపు ఒప్పుకోరు. రాళ్ళు పాతిన రోజే ప్రతి రాయికీ నాలుగు దిక్కుల నుంచి ఫోటో తియ్యండి.

చెరువు గురించి ఒక్కమాట ఎక్కువ చెప్పాలి. ఆక్రమణ చెరువులో మొదలవదు, నీరు వచ్చే కాలువలో మొదలవుతుంది. కాలువ మీద ఒక కల్వర్టు, దాని మీద ఒక షెడ్డు. రెండు వానాకాలాలు నీరు రాకపోతే చెరువు ఎండుతుంది. ఎండిన చెరువులో తుమ్మచెట్లు, తర్వాత చెత్త. ఆ తర్వాత "ఇక్కడ చెరువెక్కడుంది, బీడే కదా" అనే మాట. కాబట్టి మీ జాబితాలో చెరువు నంబరు కంటే ముందు కాలువ నంబర్లు రాయండి, చెరువు నిండితే నీరు పొర్లే అలుగు నుంచి బయటికి పోయే దారి నంబరు కూడా.

అన్ని నంబర్లూ రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టర్ చేయకూడని భూముల జాబితాలో, ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రభుత్వ భూమి, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉండాలి. సబ్‌డివిజన్ అయిన నంబర్లలోనే మోసం జరుగుతుంది. 112 జాబితాలో ఉండి 112/2 లేకపోతే, ఆ 112/2 అమ్ముడుపోతుంది.

ఇంకొకటి, చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి. చిన్న ఊళ్ళలో ఊరి ఖాళీలను మింగేవాటిలో ప్రభుత్వ భవనాలూ ఉన్నాయి. స్థలం ఊరికే దొరుకుతుందని ఆఫీసు, వాటర్ ట్యాంకు, దుకాణాల సముదాయం చెరువు పోరంబోకులోనే కడతారు. జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారుచేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. టెండరు పిలవకముందే ఆ తీర్పు ప్రతి, ఆర్.ఎస్.ఆర్. నకలు జతచేసి లేఖ ఇవ్వండి. పునాది పడ్డాక ఇస్తే ఖర్చయిన డబ్బు గురించే మాట్లాడతారు.

వీధుల సంగతి. పాత ఇళ్ళు కూలడానికి సీసీ రోడ్లు ఎంత కారణమో ఎవరూ లెక్క వెయ్యలేదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మరో 6 అంగుళాలు వేస్తారు. మూడుసార్లు వేస్తే అడుగున్నర. అరుగు రోడ్డుకు సమానమవుతుంది, తర్వాత గుమ్మం, తర్వాత వాననీళ్ళు పడసాలలోకి వస్తాయి. ఆ ఇంటివాళ్ళు ఇక పడగొట్టి ఎత్తుగా కట్టుకోక ఏం చేస్తారు? గుళ్ళలోనూ ఇదే. గ్రానైట్ పరిచి నేల ఎత్తు పెంచితే గుడి పీఠమైన అధిష్ఠానం, దాని మీది శాసనం భూమిలోకి పోతాయి. రోడ్డు అంచనా తయారయ్యేటప్పుడే "పాత పొర తొలగించి, పాత మట్టానికే" అన్న వాక్యం అందులో రాయించండి. ఆ ఒక్క వాక్యం ఎన్నో పెంకుటిళ్ళను కాపాడుతుంది. రథవీధిలో ప్రతి 100 అడుగులకూ వెడల్పు కొలిచి రాసి పెట్టుకోండి. మలుపుల్లో మూలకు మూల కొలవండి, రథం ఆగేది అక్కడే.

గోడల గురించి. డంగు సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో, కట్టిన పాత గోడకు సిమెంటు పూత పెడితే గట్టిపడుతుందని అందరి నమ్మకం. జరిగేది వేరు. నేలలోని చెమ్మ గోడలోకి పాకుతుంది. సున్నం పూత ఉంటే అది ఆరిపోతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, ఇటుక పిండిలా రాలుతుంది. నాలుగేళ్ళకు పూత పెద్ద పెచ్చుగా ఊడినప్పుడు వెనక ఇటుక సగం ఉండదు. సున్నం పని చేయించాలంటే సున్నాన్ని కనీసం 15 రోజులు నీళ్ళలో నానబెట్టండి, ఎక్కువైతే మరీ మంచిది. సున్నం 1 పాలు, ఇసుక 3 పాళ్ళు. చెమ్మ ఎక్కువ ఉన్న చోట ఇసుకలో కొంత తగ్గించి ఇటుకపొడి కలపండి. ఇటుకల సందులు అంగుళం లోతు గీకి, తడిపి, అప్పుడు నింపాలి. వారం రోజులు తడి గోనెలు కప్పాలి. మే నెల ఎండలో చేస్తే నెర్రెలిస్తుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. గోడ పగులు చూసి వెంటనే కూల్చేయకండి. మనది నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అంటించి తేదీ రాయండి. ఏడాదిలో గాజు పగలకపోతే ఆ పగులు పాతది, నింపితే చాలు.

శాసనాలపై సుద్ద, నూనె పూయకండి. అక్షరాలు కనబడాలని గీకకండి. సాయంత్రం టార్చిలైటు పక్కనుంచి పట్టి ఫోటో తీస్తే అక్షరం నీడతో లేస్తుంది. పక్కన ఒక స్కేలు పెట్టండి. దాన్ని మైసూరులోని శాసన విభాగానికి పంపితే, అవసరమనుకుంటే వాళ్ళే వచ్చి కాగితం మీద అక్షరాల అచ్చు తీసుకుంటారు. దక్షిణ భారత శాసన సంపుటాల్లో 10వది తెలుగు శాసనాలదే. మీ ఊరి శాసనం ఇప్పటికే అచ్చయిందేమో ముందు అందులో చూడండి. తవ్వకంలో వస్తువు దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

రక్షిత కట్టడం అంటే ఇళ్ళవాళ్ళకు భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. కానీ నిషిద్ధ ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందున్న ఇంటిని బాగుచేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. రక్షణ కోరుతూ అర్జీ పెట్టే ముందు ఆ 300 మీటర్ల లోపు ప్రతి ఇంటికీ వెళ్ళి ఈ రెండు మాటలూ చెప్పాలి. చెప్పకుండా చేస్తే, అదే వీధి రేపు మీ జాబితాకు ఎదురు నిలబడుతుంది.

జాబితాలో గుడి ఒక్కటే ఉండకూడదు. మసీదు, చర్చి, దర్గా, మగ్గాల వీధి, దళితవాడ శ్మశానం, అన్నీ ఉండాలి. శ్మశానాలకు కాగితాలు తక్కువ, అందుకే అవి ముందు కొలవాలి. కమిటీలో ప్రతి పేటనుంచి ఇద్దరు, వారిలో ఒకరు ఆడవాళ్ళు. బావులు ఎక్కడ పూడ్చారో ఆడవాళ్ళే సరిగ్గా చెబుతారు.

అచ్చు వేసిన పత్రాలు ద్వారం దగ్గర ఉన్నాయి. ఒక్కో స్థలానికి ఒక పత్రం. సర్వే నంబరు, ఆర్.ఎస్.ఆర్. విస్తీర్ణం, నేటి కొలత, తేదీ, నాలుగు ఫోటోలు, కొలిచినవారి సంతకాలు. మూడు ప్రతులు రాయండి. ఒకటి గ్రంథాలయంలో, ఒకటి పంచాయతీలో ముద్ర వేయించి, ఒకటి కమిటీ దగ్గర. వెళ్ళేటప్పుడు ఒక్కో ఊరివాళ్ళు ఇరవై చొప్పున తీసుకెళ్ళండి. కాలువ నంబర్లతో మొదలుపెట్టండి.