నాక్ గ్రేడ్ ఉంటే మంచి బీఎడ్ కాలేజీయేనా?

హోస్ట్: హాయ్ అందరికీ. బీఎడ్ ఎంట్రన్స్ ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ వచ్చిందంటే చాలు మన ఇన్‌బాక్స్‌లో ఒకటే గోల, ఫలానా కాలేజీకి నాక్ గ్రేడ్ ఉందంట, అదే కాలేజీల నాణ్యత చూసే సంస్థ ఇచ్చే గ్రేడ్, ఆప్షన్ పెట్టుకోవచ్చా అని. అందుకే బీఎడ్‌లో నాకు ఫిజికల్ సైన్స్ మెథడాలజీ చెప్పిన మేడంనే తీసుకొచ్చేశా. నమస్తే మేడం.

మేడం: నమస్తే నాయనా. మైక్ ముందు ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నావ్, మైక్రో టీచింగ్‌లో, అదే చిన్న పాఠం చెప్పే ప్రాక్టీసులో, ఏమైంది ఈ గొంతు?

హోస్ట్: (నవ్వు) అది ఎడిటింగ్‌లో లేపేస్తా మేడం. సరే, టీచర్ ట్రైనింగ్ కాలేజీలకి అనుమతిచ్చే ఎన్‌సీటీఈ, ఈ నాక్, రెండూ ఒకటేనా?

మేడం: కాదు, చాలామంది కలిపేస్తారు. ఎన్‌సీటీఈకి 1993లో చట్టం చేశారు, 1995 నుంచి పనిలోకి వచ్చింది. కాలేజీ పెట్టాలంటే దాని రికగ్నిషన్ ఉండాలి, స్థలం, బిల్డింగు, ల్యాబులు, వంద సీట్లకి 16 మంది ఫుల్‌టైం లెక్చరర్లు, ఇవన్నీ 2014 రెగ్యులేషన్స్‌లో రాసి ఉన్నాయి. తర్వాత యూనివర్సిటీ అఫిలియేషన్, పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చేది వాళ్ళు. నాక్ వేరే, 1994లో యూనివర్సిటీల్ని చూసుకునే యూజీసీ పెట్టింది, బెంగళూరులో ఉంటుంది. అది పర్మిషన్ ఇవ్వదు, నడుస్తున్న కాలేజీ ఎలా నడుస్తోందో చూసి గ్రేడ్ ఇస్తుంది, అంతే.

హోస్ట్: ఎలా చూస్తారు?

మేడం: ఇప్పుడున్న గ్రేడులు వచ్చిన పద్ధతి చెప్తా. కాలేజీ తన గురించి తనే ఒక రిపోర్టు రాసి పంపాలి, ఎస్ఎస్ఆర్ అంటాం. ఏడు క్రైటీరియాలు, వాటి కింద బోలెడు ప్రశ్నలు, ప్రతిదానికీ ఒక కాగితం అప్‌లోడ్ చేయాలి, ఆ అంకెలు నిజమా కాదా అని వెరిఫికేషన్, స్టూడెంట్లకి మెయిల్‌లో సర్వే, చివర్లో పీర్ టీం, అంటే బయటి ప్రొఫెసర్ల బృందం, వచ్చి చూసేది. మొత్తం స్కోరు నాలుగుకి 3.51 గానీ ఆపైన గానీ వస్తే ఏ ప్లస్ ప్లస్, అదే అన్నిటికన్నా పై గ్రేడ్. చూడ్డానికి బానే ఉంది కదా, కానీ ఎక్కువ మార్కులు డేటా మీదే, ఫైలు బాగా పెట్టేవాడు ఉంటే సగం గట్టెక్కినట్టే. కాలేజీలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీకి కోఆర్డినేటర్ అయిన లెక్చరర్ పాఠం మానేసి ఫోటోలకి జియోట్యాగులు, అంటే ఎక్కడ తీశారో చూపే గుర్తులు, పెట్టుకుంటూ కూర్చుంటుంది, నేను చూశా.

హోస్ట్: మరి నాన్-అటెండింగ్ వ్యవహారం?

మేడం: అదే అసలు రోగం. అడ్మిషన్ తీసుకుంటారు, ఊళ్ళోనో ప్రైవేట్ స్కూల్లోనో ఉద్యోగం చేసుకుంటారు, పరీక్షలకి కనిపిస్తారు, అటెండెన్సు మాత్రం ఫుల్. రూలు ప్రకారం క్లాసులకి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం ఉండాలి. రికార్డులు ఎవరో రాసిపెడతారు, దానికీ రేటుంది. ఇదేదో మన దగ్గరే అనుకోకు, సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో రిపోర్టు ఇచ్చింది, దాన్నే చెప్తూ 2020 జాతీయ విద్యా విధానం ఏమందంటే, విడిగా నడిచే టీచర్ ట్రైనింగ్ సంస్థలు పదివేలకి పైనే ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం సీరియస్‌గా పాఠం చెప్పే ప్రయత్నం కూడా చెయ్యట్లేదు, డిగ్రీలు అమ్ముకుంటున్నాయి అని. ప్రభుత్వం పాలసీ కాగితంలో అంత పచ్చిగా రాసుకుందంటే చూడు.

హోస్ట్: 2025లో సీబీఐ కేసు కూడా మనవైపుదే కదా మేడం, నాక్ టీంది.

మేడం: ఫిబ్రవరిలో. గుంటూరు దగ్గర యూనివర్సిటీ, మంచి గ్రేడ్ కోసం ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన వాళ్ళకి డబ్బులూ వస్తువులూ ఇచ్చారన్న ఆరోపణ, టీం చైర్మన్‌తో సహా అరెస్టులు. కోర్టు తేల్చేదాకా అది ఆరోపణే. కానీ నాకు లంచం కన్నా ఇంకోటి బాధ. టీం చూసేది కాలేజీని, బీఎడ్ వాడు టీచర్ అయ్యేది మాత్రం స్కూల్లో. రెండేళ్ళ కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్, అందులో 16 వారాలు రెండో ఏడాదే. అక్కడ వాడు ఎనిమిదో క్లాసు పిల్లల ముందు నిలబడి ఏం చెప్తున్నాడో, సూపర్‌వైజర్ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడో లేదో, పాఠం అయ్యాక ఏం మాట్లాడాడో, ఇది ఏ పీడీఎఫ్‌లో వస్తుంది చెప్పు?

హోస్ట్: ఇకమీద గ్రేడులే ఉండవు అంటున్నారుగా?

మేడం: రాధాకృష్ణన్ కమిటీ చెప్పింది, ఇస్రోకి చైర్మన్‌గా చేసిన ఆయన. ఏ, బీ అని కాకుండా ముందు అక్రెడిటెడ్ అవునా కాదా అని తేలుస్తారు, అయినవాళ్ళకి ఆ తర్వాత ఒకటి నుంచి ఐదు దాకా లెవెల్స్. ప్లస్ ప్లస్ కోసం పరుగు తగ్గొచ్చు, మంచిదే. కానీ చూసేది కాగితమే అయితే రెండు డబ్బాలు పెట్టినా పది పెట్టినా తేడా ఏముంది?

హోస్ట్: సరే, ఆప్షన్లు పెట్టుకునేవాళ్ళు ఏం చూడాలి?

మేడం: గ్రేడ్ చూడు, దాని గడువు ఎప్పటిదాకానో చూడు, వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ పేర్లు రాసుకుని కాలేజీకెళ్ళి వాళ్ళు ఉన్నారో లేదో అడుగు. అన్నిటికన్నా, ఆ కాలేజీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కెళ్ళే స్కూలేదో కనుక్కుని అక్కడి హెడ్మాస్టర్‌ని అడుగు, మీ దగ్గరికి నిజంగా వస్తారా, ఎన్ని పీరియడ్లు తీసుకుంటారు అని. ఆయన సంతకాలకి మాత్రం వస్తారమ్మా అన్నాడనుకో, ఇంక నాక్ పేజీ తెరవక్కర్లేదు.

హోస్ట్: ఫోన్‌లో అడిగితే చెప్తారా మేడం?

మేడం: చెప్పరు. వెళ్ళాలి. ఇంటర్వెల్ టైంకి వెళ్ళు, టీ తాగుతూ అన్నీ చెప్తారు.