14 నెలల జియు జిట్సు: బరంపురం మందుల షాపు నుంచి ఒక వీడియో రివ్యూ

ముందు ఈ బకెట్ చూడండి. అందులో నానుతున్నది దుప్పటి అనుకునేరు, కాదు. నా గీ. జియు జిట్సుకి వేసుకునే కోటు, ప్యాంటు. పొడిగా ఉంటే 2 కిలోల లోపే. తడిశాక ఒక్కరే పిండి చూడండి, చేతులు పడిపోతాయి. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు 'రెండో సంసారం'.

నమస్కారమండీ. మాది ఒడిశాలో బరంపురం. పుట్టింది ఇచ్ఛాపురం, తెలుగు మీడియం చదువు అక్కడే. పెళ్లయ్యాక మామగారి మందుల షాపు చూసుకోవడానికి ఇటు వచ్చి 13 ఏళ్లయింది. ఉదయం 9కి షట్టర్ ఎత్తితే రాత్రి 10కి దించడం. వయసు 39. పాప, బాబు. మా ఆవిడ స్కూల్లో టీచరు. 14 నెలల కిందటి వరకూ నా వ్యాయామం అంటే సెలైన్ పెట్టెలు అటక మీద పెట్టడం, మళ్లీ దించడం. అంతే.

రివ్యూ అన్నాను కాబట్టి సరుకేమిటో చెప్పాలి. మిత్సుయో మాయెదా అనే జపాన్ జూడో వీరుడు 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడి గ్రేసీ అనే ఇంటిపేరు వాళ్ల పెద్దకొడుకు కార్లోస్ ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకున్నాడు. కార్లోస్, తమ్ముడు హీలియో దాన్ని నేల మీద పోరాటంగా సానబెట్టారు. 1993లో అమెరికాలో మొదటి యూఎఫ్‌సీ, అంటే రకరకాల యుద్ధ విద్యల వాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ, జరిగితే, హీలియో కొడుకు హోయిస్ తనకంటే బరువైనవాళ్లని కిందకి లాగి గెలిచాడు. అప్పటి నుంచి లోకమంతా దీని వెనక పడింది. మా జియు జిట్సు క్లాసులో గుద్దడం, తన్నడం ఉండవు. పట్టుకోవడం, పడెయ్యడం, మెలెయ్యడం, మెడ బిగించడం, ఇంతే.

మా మామగారికి చెబితే "కుస్తీయే కదా బాబూ" అన్నారు. మా వైపు ఆ మాట సహజం. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీదకి ఏనుగుని ఎక్కించుకున్న కథ వినకుండా పెరిగినవాళ్లు లేరు. బరంపురం కుర్రాళ్లకి బరువులెత్తే పిచ్చి కూడా ఎప్పటి నుంచో ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ ఆటల్లో వెయిట్‌లిఫ్టింగ్ బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ ఈ ఊరివాడే. కానీ కుస్తీలో వీపు నేలకి ఆనిందంటే ఆట అయిపోయినట్టే. ఇక్కడ అప్పుడే మొదలవుతుంది. కింద పడ్డవాడు రెండు కాళ్లతో పైవాడి నడుం చుట్టేసి, వాణ్ని ఎటూ కదలనివ్వకుండా పట్టి ఉంచుతాడు. దాన్ని గార్డ్ అంటారు. పొట్టివాడు, బక్కవాడు కూడా పోరాడగలిగేది దాని వల్లే. నేను బక్కవాణ్ని కాదనుకోండి. అది వేరే సంగతి.

మా హాలు ఒక జిమ్ము పైన మేడ మీద ఉంది. నేర్పేది ఒక ఒడియా కుర్రాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నేర్చుకుని ఊరికి తిరిగొచ్చాడు. బ్లూ బెల్ట్, అంటే తెల్ల బెల్టు దాటాక వచ్చేది. మాకు బ్లాక్ బెల్ట్ గురువు లేడు, ఆ మాట దాచను. మేం మొత్తం 9 మందిమి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం నలుగురం, మ్యాట్ మీద అందరం ఒడియానే.

మొదటి రోజు నాకు జోడీగా దొరికింది ఐస్ ఫ్యాక్టరీ ఓనరు గారు. 94 కిలోలు. పక్క నుంచి వచ్చి నా ఛాతీ మీద అడ్డంగా పడుకున్నారు. దాన్ని సైడ్ కంట్రోల్ అంటారు. ఆయన ఏమీ చెయ్యలేదండీ, ఊరికే పడుకున్నారు. నాకు ఊపిరి ఆగిపోయింది. కోచ్ పక్కన నిలబడి "నిశ్వాస నిఅ, నిశ్వాస నిఅ" అంటున్నాడు. ఒడియాలో అంటే ఊపిరి తీసుకో అని. 13 ఏళ్లుగా రోజూ ఒడియా మాట్లాడుతున్నాను, ఆ మాట నాకు తెలియక కాదు. కానీ ప్రాణం మీదకి వచ్చేసరికి ఇచ్ఛాపురం బడి గుర్తొచ్చింది. తెలుగులో ఉచ్ఛ్వాసం అంటే తీసుకోవడం, నిశ్వాసం అంటే వదలడం. ఉన్న కాస్త గాలీ వదిలేశాను. కళ్ల ముందు చుక్కలు.

ఆ బరువు కింద నుంచి ఎలా బయటపడాలో ఆ రోజే నేర్పాడు. ఇక్కడ చాప మీద చూపిస్తాను. వెల్లకిలా ఉన్నంతసేపు పని జరగదు. ముందు ఒక ముంజేయి పైవాడి మెడ దగ్గర అడ్డం పెట్టాలి, ఇంకోటి వాడి తుంటి దగ్గర. తొయ్యకూడదు, ఊరికే అడ్డం. తర్వాత పాదం నేలకి ఆనించి, పక్కకి తిరిగి, తుంటిని వెనక్కి విసరాలి. ఇలా. వాణ్ని జరపడం కాదండీ, మనం జరగడం. ఆ జరిగిన బెత్తెడు సందులోకి మోకాలు దూరుతుంది. దీని పేరు ష్రింప్, అంటే రొయ్య. మా పక్కనే సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్‌లో వల దులిపినప్పుడు రొయ్య ఎలా ముడుచుకుని వెనక్కి ఎగురుతుందో అచ్చం అలాగే. మొదటి రెండు నెలలు క్లాసు మొదట్లో హాలు ఈ చివర నుంచి ఆ చివరకి రొయ్యలాగే వెళ్లాను.

ఇంకోటి ట్యాప్. ఇక తట్టుకోలేను అనిపిస్తే ఎదుటివాడి ఒంటి మీద రెండు సార్లు తట్టడం. వాడు వెంటనే వదిలెయ్యాలి. చూడ్డానికి చిన్న విషయం, మగవాళ్లకి మాత్రం మహా కష్టం. మెడ బిగిస్తే రెండు వైపులా మెదడుకి వెళ్లే రక్తం ఆగుతుంది, పది సెకన్ల లోపే స్పృహ పోవచ్చు. అక్కడ పౌరుషానికి చోటు లేదు. 1951లో రియోలో మసహికో కిమురా అనే జపాన్ వీరుడు హీలియో గ్రేసీ చెయ్యి మెలేశాడు. చెయ్యి విరిగినా హీలియో ట్యాప్ చెయ్యలేదు. ఆయన మనుషులే ఆట ఆపించారు. ఆ పట్టుకి ఇవాళ్టికీ కిమురా అనే పేరు. గొప్ప కథే. కానీ హీలియో మర్నాడు 9కి షట్టర్ ఎత్తక్కర్లేదు. నేను ఎత్తాలి. అందుకని నేను భుజం బిగుసుకోగానే తట్టేస్తాను. అయినా ఒకసారి ఎవరిదో కాలరు పట్టుకుని వదలక చిటికెన వేలు వాచింది. మూడు వారాలు మాత్రల స్ట్రిప్ కత్తిరించలేక మామగారిని కౌంటర్లో కూర్చోబెట్టాను.

ఖర్చు త్వరగా చెప్పేస్తాను. గీ 4,800. వానాకాలం వస్తే ఇంకోటి కొనక తప్పదు, ఈ సముద్రపు గాలికి ఒక రోజులో ఆరదు. మౌత్‌గార్డ్ 350. నెల ఫీజు 1,500. వేళ్లకి చుట్టే టేపు నా షాపులోదే, ఫ్రీ అనుకునేరు, మామగారు నా ఖాతాలో రాస్తారు. గీని వేడినీళ్లలో వెయ్యకండి. కాటన్ కదా, కుంచించుకుపోతుంది. నా మొదటి దాని చేతులు ఇప్పుడు బాబుకి సరిపోయేలా ఉన్నాయి.

డబ్బు సంగతి సరే. వీడియోల్లో ఎవరూ చెప్పనిది తామర.

నాలుగో నెలలో మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మచ్చ వచ్చింది. అంచు ఎర్రగా లేచి, మధ్యలో మామూలుగా. రోజుకి పది మంది అదే మచ్చ చూపించి మందు అడుగుతారు నన్ను. అలాంటి నేను ఉక్కపోత పొక్కు అనుకుని వారం రోజులు తిరిగాను. ఈలోగా మా పాప మెడ మీద అదే మచ్చ. క్లాసు నుంచి చెమటతో వచ్చి పిల్లని ఎత్తుకున్నది నేనే.

ఇక్కడ ఒక్క నిమిషం మందుల షాపు వాడిగా మాట్లాడతాను. తామరకి జనం అడిగే ట్యూబుల్లో ఒక రకం ఉంటుంది. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు ఘాటైన స్టెరాయిడ్, మూడూ కలిపి. రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. ఎందుకంటే స్టెరాయిడ్ ఫంగస్‌ని చంపదు, ఫంగస్‌తో పోరాడుతున్న చర్మాన్ని నిద్రపుచ్చుతుంది. మందు ఆపగానే మచ్చ ఇంకా పెద్దదై వస్తుంది, ఆ గుండ్రటి ఆకారం కూడా చెదిరిపోయి డాక్టర్లే పోల్చుకోలేని పరిస్థితి. అడిగి కొనుక్కోకండి. ఎవరైనా ఇచ్చినా చర్మం డాక్టరుకి చూపించుకున్నాకే రాసుకోండి. మేమిద్దరం డాక్టరు చెప్పిన మందు ఆరు వారాలు వాడాం. ఆ ఆరు వారాలు నేను మ్యాట్ ఎక్కలేదు. మచ్చతో మ్యాట్ ఎక్కడం అంటే మిగతా ఎనిమిది మందికీ, వాళ్ల పిల్లలకీ పంచడమే.

అప్పటి నుంచి ఇంటి రూలు: క్లాసు నుంచి రాగానే నేరుగా బాత్రూమ్. గీ బ్యాగులో మగ్గకూడదు, ప్రతిసారీ ఉతకాలి, నేనే ఉతకాలి. నా తువ్వాలు ఎవరూ ముట్టరు.

ఇక ఇల్లు. మొదట్లో వారానికి నాలుగు రోజులు వెళ్లేవాణ్ని, తెల్లవారి 5:45కి. కొత్త మోజు కదా. ఒక బుధవారం తిరిగొచ్చేసరికి స్కూలు బస్సు వెళ్లిపోయింది. బాబు ఒక కాలికి సాక్సు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. మా ఆవిడ వెళ్లాల్సిన ఆటో కూడా వెళ్లిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఊపిరాడకపోతే మీరు తట్టి బయటపడతారు కదండీ. నేను ఎక్కడ తట్టాలి?" అంది.

ఏం చెబుతాం. ఆ వారమే నాలుగు రెండయ్యాయి. మంగళవారం, ఆదివారం. మంగళవారం టిఫిన్ డబ్బాలు ఆవిడ చూస్తుంది, మిగతా నాలుగు రోజులు నేను. నా ఉప్మా కూడా నాలాగే ఇంకా వైట్ బెల్టే. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర, జరిగినన్ని రోజులూ అసలు మానేశాను. ఊరంతా రాత్రుళ్లు రోడ్డు మీదే, షాపు ఎప్పుడు కట్టేస్తామో తెలియదు. మధ్యలో మానేస్తే మర్చిపోతామనే భయం వద్దు. రెండు క్లాసులు చచ్చినట్టు ఓడిపోతాం, మూడో దానికి ఒళ్లు దారిలోకి వస్తుంది.

లాభమేమిటని అడుగుతారు. 86 కిలోల నుంచి 79కి వచ్చాను, బియ్యం కూడా తగ్గించాను కాబట్టి మొత్తం ఘనత దీనికే ఇవ్వను. కోపం తగ్గిందంటారు చాలామంది, నాకేం తగ్గలేదు, చిల్లర దగ్గర ఇప్పటికీ గొడవ పడతాను. నాకు దొరికింది వేరే. 94 కిలోలు ఛాతీ మీద ఉన్నప్పుడు జీఎస్టీ రిటర్న్ గుర్తుకు రాదు, ఎక్స్‌పైరీ సరుకు గుర్తుకు రాదు. వారానికి మూడు గంటలు నా బుర్రలో షాపు మూసి ఉంటుంది. 13 ఏళ్లలో ఇలా మొదటిసారి.

మెడ, నడుం సమస్యలున్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా రావద్దు. త్వరగా బెల్టులు కావాలనుకునేవాళ్లూ రావద్దు. బ్లూ నుంచి పర్పుల్‌కే కనీసం రెండేళ్లు, బ్లాక్‌కి పదేళ్లు మామూలు. నా తెల్ల బెల్టు మీద రెండు పట్టీలున్నాయి, అంటే తర్వాతి బెల్టు వైపు రెండు చిన్న మెట్లు, అదిగో. ఇంట్లో పిల్లలున్నవాళ్లు వారానికి రెండు రోజులతోనే మొదలుపెట్టండి, నాలాగా నాలుగుతో కాదు.

మార్కులు మా ఆవిడనే వెయ్యమన్నాను. పదికి ఆరు వేసింది. గీ తనే ఉతికి ఉంటే మూడు అనేదట. ఉంటానండీ, బయట మబ్బు పట్టింది, రెండో గీ డాబా మీద ఉంది.