బిల్లు కోసం ఇచ్చిన ఈమెయిల్

అందరికీ నమస్కారం.

పోయిన దసరాకు మా ఇంట్లో కొత్త కుక్కర్ కొన్నాం. కౌంటర్‌లోని అబ్బాయి "ఈమెయిల్ చెప్పండి సార్, బిల్లు పంపిస్తాం" అన్నాడు. చెప్పాను. బిల్లు ఒకసారి వచ్చింది. ఆఫర్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మెయిల్ అట్టడుగున, నా చత్వారం కళ్లకు ఆననంత చిన్న బూడిదరంగు అక్షరాల్లో 'ఇకపై వద్దు' అనే లింకు దొరికింది. నొక్కితే, ఎందుకు వద్దో చెప్పమని అయిదు కారణాలు ముందు పెట్టింది. కుక్కర్ కొన్నవాడిని విడాకులకు కారణం అడిగినట్టుంది!

మన ఫోనుకు కాపలా ఉంది. 1909 నంబరులో నమోదు చేసుకుంటే ప్రచార కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ఆపాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అది ఎంతవరకు అమలవుతోందో మీకే తెలుసు. ఈమెయిల్‌కు ఆపాటి కాపలా కూడా లేదు. ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌లో ఒక క్లాజు ఉండేది. చికాకు పెట్టడానికో, పంపిందెవరో తెలియకుండా మోసగించడానికో మెయిల్ పంపితే నేరమనేది. ఆ సెక్షన్ దేశానికి తెలిసింది మాత్రం 2012లో పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకు ఇద్దరు యువతులను అరెస్టు చేసినప్పుడు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. మంచిపనే చేసింది. దానితో పాటు మెయిళ్ల క్లాజూ పోయింది.

అమెరికాలో 2003లోనే ప్రచార మెయిళ్లపై క్యాన్-స్పామ్ అనే చట్టం తెచ్చారు. వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపాలి, పంపినవారి పోస్టల్ చిరునామా మెయిల్‌లో ఉండాలి. అయితే మొదటి మెయిల్‌కు మన అనుమతి అక్కర్లేదు. ఐరోపాలో సాధారణంగా ముందే అడగాలి. నా ఓటు ఐరోపాకే.

మనకిప్పుడు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. అందులోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకామె మందుల దుకాణంలో డబ్బు కట్టి, రసీదు ఫోనుకు పంపమని నంబరు ఇస్తుంది. దుకాణం ఆ నంబరును రసీదు పంపడానికి వాడుకోవచ్చు. అంతవరకే. నా కుక్కర్ కథ అచ్చంగా ఇదే కదా! పైగా సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలంటుంది. ఇవ్వడానికి నాకు ఒక్క మాట పట్టింది. ఆ లెక్కన అయిదు కారణాల పరీక్ష నిలవదు.

ఈ చట్టం అమలుకు నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వ్యాపారులపై ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు గానీ అమలులోకి రావు. అప్పుడు కూడా ముందు ఆ సంస్థకే ఫిర్యాదు చేయాలి, తేలకపోతేనే డేటా రక్షణ బోర్డుకు. జరిమానా పడితే సొమ్ము భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది, మన చేతికి పైసా రాదు. తప్పుడు ఫిర్యాదు చేస్తే మాత్రం మనకే 10,000 రూపాయల వరకు జరిమానా! అందుకే కుక్కర్ బిల్లునూ, 'వద్దు' అని నొక్కిన రోజు తీసిన స్క్రీన్‌షాట్‌నూ ఒకే ఫోల్డర్‌లో దాచి పెట్టాను.