లాప్‌టాప్‌లో ముసలిదైనది ఏ భాగం?

శ్రోతలకు నమస్కారం.

ఏడెనిమిదేళ్ల కిందట కొన్న లాప్‌టాప్ మీట నొక్కిన తరువాత, టీ కాచుకుని తాగి వచ్చినా ఇంకా తెర మీద చుక్కలే తిరుగుతూ ఉంటే, ఇంట్లో మొదలయ్యే చర్చ ఒక్కటే: దీనికి ఇంకా డబ్బు పెట్టాలా, కొత్తది కొనాలా? అనంతపురంలో ఈ ప్రశ్న జూలై, ఆగస్టు నెలల్లో మరీ ఎక్కువగా వినిపిస్తుంది, పిల్లలు ఇంజనీరింగులోనో డిగ్రీలోనో చేరేది అప్పుడే గనుక. కొత్త యంత్రాలు అమ్మే దుకాణంలో అడిగితే దీని పని అయిపోయిందంటారు. మరమ్మతులు చేసే చోట అడిగితే ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేయిస్తే ఇంకో అయిదేళ్లకు ఢోకా లేదంటారు. ఇద్దరి మాటలోనూ వారి వారి వ్యాపారం ఉంటుంది కాబట్టి, అసలు సంగతి మనం తెలుసుకుని వెళ్లడమే మేలు.

లాప్‌టాప్ అంతా ఒకేసారి ముసలిదైపోదు. ఫైళ్లు దాచుకునే డిస్కు, తెరిచిన పనిని పట్టి ఉంచే మెమరీ (ర్యామ్), బ్యాటరీ, ఫ్యాను, ప్రాసెసరు, వీటిలో ఒక్కొక్కదాని ఆయువు ఒక్కో తీరుగా ఉంటుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి కుంటిదైతే బండి నడక ఆ కుంటెద్దు నడకే అవుతుంది గాని, రెండోది ఎంత బలిసినదైనా ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి ముందు కుంటుతున్నది ఏదో చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు. విండోస్ నడిచే యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ (అంటే ప్రాసెసరు), మెమరీ, డిస్క్ ఎంతెంత శాతం పని చేస్తున్నాయో కనిపిస్తుంది. యంత్రం ఆన్ చేశాక పది నిమిషాల పాటు వేరే ఏ పనీ చెప్పకుండా ఆ అంకెలను గమనించండి. సీపీయూ ఇరవై శాతం దగ్గర తాపీగా ఉండి, డిస్క్ మాత్రం నూటికి నూరు దగ్గర అతుక్కుపోయి ఉంటే, రోగం ఎక్కడుందో తెలిసినట్టే.

పాత యంత్రాల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇదే. వాటిలో ఉన్నది తిరిగే హార్డ్ డిస్కు. నిమిషానికి 5400 సార్లు పళ్లెం తిరుగుతుండగా దాని మీద ఒక సన్నని చేయి అటూ ఇటూ కదిలి, కావలసిన ఫైలు ఉన్న చోటును వెతికి పట్టుకుంటుంది. ఇలా ఒక్కొక్క చోటును పట్టుకోవడానికి సెకనులో నూరో వంతుకు పైగా పడుతుంది. వినడానికి ఇది తక్కువే అనిపిస్తుంది గాని, విండోస్ లేచేటప్పుడు చదవవలసిన చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ లేదు, అంతా చిప్పులే, అందువల్ల అదే పనికి సెకనులో పదివేలో వంతు చాలు. రెండు మూడు నిమిషాలకు గాని లేవని యంత్రం ఎస్‌ఎస్‌డీ వేశాక అర నిమిషం లోపే లేవడంలో మాయ ఏమీ లేదు. అయితే దుకాణంలో ఎన్‌వీఎంఈ రకం వేయించుకోండి, ఇంకా వేగం అంటే వెంటనే తల ఊపకండి. 2016, 2017 నాటి యంత్రాల్లో చాలావాటికి సాటా రకం మాత్రమే సరిపోతుంది. ఆ సాటా రకమే సెకనుకు అయిదు వందల మెగాబైట్ల దాకా చదువుతుంది, ఇంటిపనికి అది ధారాళంగా చాలు.

మెమరీ సంగతి ఇంత తేలికగా తేలదు. అదే టాస్క్ మేనేజరులో మెమరీ ఎప్పుడూ ఎనభై, తొంభై శాతం దగ్గరే ఉంటే 4 జీబీని 8 జీబీ చేయాలని అర్థం. విండోస్ 11కు కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఆ కనీసం విండోస్ లేచి నిలబడడానికే సరిపోతుంది, మనం నాలుగు బ్రౌజర్ పుటలు తెరిచామంటే ఇక అంతే. మెమరీ పెంచే వీలుందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. స్లాట్స్ యూజ్డ్ అన్నచోట రెండింట ఒకటి వాడుకలో ఉందని కనిపిస్తే రెండోది ఖాళీగా ఉన్నట్టే. పలచని లాప్‌టాప్‌లు కొన్నింటిలో మెమరీని బోర్డుకే అతికించేస్తారు, వాటిలో పెంచడమన్నది లేదు. డీడీఆర్ 3 రకం మెమరీ ఉన్న యంత్రంలో దాని తరువాతి రకమైన డీడీఆర్ 4 పట్టదు, గాడి కూడా కలవదు. పైగా కృత్రిమ మేధ కేంద్రాలు మెమరీ చిప్పులను పెద్దఎత్తున కొంటున్నందువల్ల 2025 చివరి నుంచి ధరలు బాగా పెరిగాయి. నిరుడు ఎవరో చెప్పిన ధరను మనసులో పెట్టుకుని వెళితే దుకాణంలో ఉలిక్కిపడవలసి వస్తుంది.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన సంగతికి వస్తాను. పడమటి కనుమల వాననీడలో ఉండి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానైనా సరిగ్గా చూడని జిల్లా ఇది. నైరుతి గాలులు వానకు బదులు దుమ్మును మోసుకువస్తాయి. పాత లాప్‌టాప్ అడుగు మూత స్క్రూలు విప్పి చూస్తే, ఫ్యానుకూ, రాగిగొట్టం చివర ఉండే సన్నని రేకులకూ మధ్య ఎర్రదుమ్ము, నూలుపోగులు, తలవెంట్రుకలు దళసరిగా పేరుకుని, చిమటాతో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడివస్తాయి. వేడిగాలి బయటికి పోవలసిన దారి అదే. దాని పక్కన ప్రాసెసరు వేడిని రాగిగొట్టానికి చేర్చేందుకు దాని మీద పూసిన థర్మల్ పేస్టు ఎండి, గోటితో గీరితే పొడిగా రాలిపోతుంది. ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీల సెల్సియస్ గరిష్ఠ పరిమితి, అక్కడికి చేరగానే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే మనం యంత్రం ముసలిదైపోయిందని అనుకుంటాం. లాప్‌టాప్‌తో వచ్చే కాగితాల్లో చాలా కంపెనీలు గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించకూడదని రాస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె కింద గదిలో కూర్చునే అనంతపురం వాసి ఆ మాట చదివి నవ్వుకోవలసిందే! అందుచేత, ఉదయం బాగా నడిచిన యంత్రం మధ్యాహ్నం రెండు గంటలకు మొరాయిస్తుంటే, ఏ భాగమూ కొనకముందే లోపల శుభ్రం చేయించి పేస్టు మార్పించండి. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ. శుభ్రం చేసే మనిషి బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యానును వేలితో కదలకుండా పట్టుకుంటున్నాడో లేదో చూడండి. గాలికి అది విపరీతమైన వేగంతో గిర్రున తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

బ్యాటరీ పోయిందంటే యంత్రం పోయిందనుకునే వారున్నారు, అది సరికాదు. లిథియం అయాన్ బ్యాటరీ మూడు వందల నుంచి అయిదు వందల సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యాక దాదాపు అయిదో వంతు శక్తిని కోల్పోవడం మామూలే, వేడి ఉన్నచోట ఇంకా ముందే కోల్పోతుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్ సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కలిపి టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, వాలుగీత పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కితే, కొన్ననాటి సామర్థ్యం, నేటి సామర్థ్యం రెండూ చూపే నివేదిక తయారవుతుంది. సగానికి పడిపోయి ఉంటే మార్చుకోవచ్చు. కరెంటు పోయి వస్తుండే చోట బ్యాటరీ లేని లాప్‌టాప్ పెట్టుకుని ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం ఎంత చికాకో చెప్పనక్కరలేదు. అయితే టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, అడుగు మూత సందు విచ్చినా అది ఉబ్బిన బ్యాటరీ. అప్పుడు చార్జరు తీసేసి, యంత్రాన్ని వాడడం ఆపి, అదే రోజు దాన్ని తీయించాలి. దాన్ని నొక్కి సరిచేయాలని చూడడం నిప్పుతో చెలగాటం.

ఇంతవరకు చెప్పినవన్నీ మార్చుకోదగినవి. మార్చలేనిది ప్రాసెసరు. లాప్‌టాప్‌లలో అది బోర్డుకే అతికి ఉంటుంది, అసలు నిర్ణయం దాని దగ్గరే ఆగుతుంది. విండోస్ 10కు ఉచితంగా వచ్చే భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వ్యక్తిగతంగా వాడుకునేవారు నమోదు చేసుకుంటే అవి 2026 అక్టోబరు 13 దాకా అందుతాయి, అది గడువు పొడిగింపే గాని పరిష్కారం కాదు. విండోస్ 11కు మారాలంటే ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసరు గాని, ఆ పైది గాని ఉండాలి. దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మీ యంత్రం వివరాల్లో ఐ5 పక్కన 7200 యూ అని ఉంటే అది ఏడో తరం, 8250 యూ అని ఉంటే ఎనిమిదో తరం, 1135 జీ7 అని ఉంటే పదకొండో తరం. ఏఎండీ ప్రాసెసర్లకూ ఇటువంటి హద్దు ఉంది. ఈ లెక్కలన్నీ ఎందుకనుకుంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే అప్లికేషనును నడిపించండి, మీ యంత్రం పనికివస్తుందో లేదో అదే చెబుతుంది. హద్దుకు ఇవతల ఉన్న యంత్రానికి కూడా ఏవో అడ్డదారుల్లో విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవారు ఉన్నారు. బ్యాంకు లావాదేవీలు చేసే యంత్రం మీద అటువంటి పని చేయించుకోవద్దనే నేను చెబుతాను.

ఎనిమిదో తరం, ఆ పైది అయి, బోర్డు బాగుండి, మూత కీళ్లు విరగకుండా ఉంటే, దాన్ని పారేయడం నా దృష్టిలో డబ్బును నేలపాలు చేయడమే. ఎస్‌ఎస్‌డీ, అవసరమైతే మెమరీ, ఒక్కసారి లోపలి శుభ్రత, ఇవన్నీ కలిసి అదే స్థాయి కొత్త లాప్‌టాప్ ధరలో మూడో వంతు మించకపోతే నిస్సంకోచంగా పెట్టండి. సగం దాకా వస్తే ఆగి ఆలోచించండి. మదర్‌బోర్డు పోయిందని చెబితే మాత్రం అక్కడితో సరి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు తీసుకువెళ్లి చిప్పు మార్పించుకుని వచ్చేవారు మన ఊళ్లో ఉన్నారు, వారిలో కొందరికి అది బాగానే నడుస్తుంది కూడా. కానీ అనుకోకుండా మళ్లీ ఆగిపోతే ఆ రెండు వందల కిలోమీటర్ల దూరం మళ్లీ వెళ్లవలసింది మనమే.

ఏడో తరం, అంతకంటె పాతది అయితే, జవాబు దానితో ఏం పని చేస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ కేంద్రాన్నే తీసుకోండి. అక్కడ నేటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ నడుస్తూ ఉంటాయి. పేజ్‌మేకర్ 7 వెలువడినది 2001లో, దానికి కొత్త ప్రాసెసరుతో పనేముంది? పైగా ఆ పాత యంత్రం మీద అన్నీ కుదురుకుని ఉన్నాయి, కొత్తదానిలో పాత ప్రింటరుకు డ్రైవరు దొరక్కపోతే సీజను మధ్యలో పని ఆగిపోతుంది. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించి, ఎస్‌ఎస్‌డీ వేసి, దాని పనికి దాన్ని వదిలేయడమే తెలివి. మెయిల్, డబ్బు వ్యవహారాలు వేరే యంత్రంలో చూసుకోవచ్చు. ఇంట్లో బ్రౌజరు, వీడియోలు, ఉత్తరం రాసుకోవడం మాత్రమే కావలసిన వారికి విండోస్‌కు బదులు వాడే లైనక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థ ఆరో తరం, ఏడో తరం యంత్రాలకు కొత్త ఊపిరి పోస్తుంది. అందులో యూనికోడ్ తెలుగు రాతకు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక కూడా వస్తుంది. అయితే టాలీలో లెక్కలు రాసేవారికి ఈ దారి కుదరదు, టాలీ విండోస్ కోసం చేసినది. ఇంజనీరింగులో కంప్యూటర్ సైన్సు చదవబోయే పిల్లలకూ ఈ మాట చెప్పను. ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వంటివి 8 జీబీ మెమరీలో కూడా ఆయాసపడుతూనే నడుస్తాయి. నాలుగేళ్ల చదువును దృష్టిలో పెట్టుకుంటే వారికి కొత్తది కొనడమే సబబు.

కొనేటప్పుడు పెట్టె మీది రంగుల బొమ్మల కంటె మూడు సంగతులు అడగండి. 16 జీబీ మెమరీ ఉందా, లేక 8 ఉండి మరొక స్లాటు ఖాళీగా ఉందా? ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉందా? వారంటీలో మనిషి ఇంటికి వచ్చి బాగుచేస్తాడా, లేక మనమే హైదరాబాదుకో బెంగళూరుకో పంపాలా? ఈ మూడోదాన్ని పట్నంలో ఉండేవారు అంతగా పట్టించుకోరు, మనం పట్టించుకోక తప్పదు. చేతిలో అంత డబ్బు లేకపోతే, బెంగళూరు కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ వంటి గట్టి యంత్రాలను మరమ్మతు చేసి అమ్ముతుంటారు. ప్రాసెసరు తరం, బ్యాటరీ నివేదిక, బయోస్‌కు (విండోస్ కంటె ముందు లేచే ఏర్పాటుకు) పాత కంపెనీ పాస్‌వర్డు ఏమైనా మిగిలి ఉందా అన్నది అక్కడే తెరిచి చూసి, బిల్లుతో తీసుకుంటే, చవకరకం కొత్తదాని కంటె ఇది నయమని నా అభిప్రాయం.

బాగుచేయించినా, మార్చినా, యంత్రాన్ని ఎవరి చేతికైనా ఇచ్చే ముందు ఫొటోలు, పత్రాలు వేరే చోట నకలు చేసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ వేయించాక పాత హార్డ్ డిస్కును అడిగి వెనక్కి తీసుకోండి, చిన్న డబ్బాలో బిగించి యూఎస్‌బీ తీగతో వాడుకోవచ్చు. ఎక్స్‌చేంజి కింద యంత్రాన్ని ఇచ్చేస్తున్నట్టయితే ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు, అవి తిరిగి లేవదీయడానికి వీలుంటుంది. రీసెట్ దిస్ పీసీ అన్నచోట, డ్రైవును పూర్తిగా తుడిచే ఎంపికను కూడా పెట్టి చేయాలి. పనికిరానిదాన్ని పాత ఇనుప సామాను బండికి వేయకండి, అక్కడ సుత్తిదెబ్బ తగిలేది ముందు బ్యాటరీకే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత సామగ్రిని సరైన పద్ధతిలో రీసైక్లింగుకు చేర్చే బాధ్యత తయారీ కంపెనీలది. మీ లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటులో ఈ-వేస్ట్ అన్న పుట తెరిచి, దగ్గరలోని సేకరణ కేంద్రం ఎక్కడుందో చూసి, అక్కడికి చేర్చండి.