పాత పిన్నులను చెరపనివ్వకండి

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఇంటి నుంచి వ్యాపారం చేసుకుంటున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ ఏర్పాట్లన్నీ చూసిన నిర్వాహకులకు, గాజువాక నుంచి, భీమిలి నుంచి, అనకాపల్లి నుంచి బస్సులు పట్టుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వింటున్న తల్లులకు ఇంకో నమస్కారం.

ఫొటోలు వెతుక్కుని దాచుకునే పింటరెస్ట్ యాప్‌లో ట్రాఫిక్, అంటే మనల్ని చూసి మన దుకాణానికి వచ్చే జనం, పడిపోతే తిరిగి ఎలా తెచ్చుకోవాలో చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు మా ఆడపడుచుకి జరిగింది చెప్పాలి. అది చెప్పడానికే ఈ సభకి ఒప్పుకున్నాను.

ఆవిడ ఎంవీపీ కాలనీలో ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలు తెచ్చి అమ్ముతుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు మీ అందరికీ తెలుసు. అంకుడు కర్రను తరిణి పట్టి, అంటే తిరిగే యంత్రం మీద చెక్కి, లక్కలో గింజలూ, బెరళ్లూ, వేళ్లూ, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపి అద్దుతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సహజ రంగుల కోసం జీవితమంతా పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఆ బొమ్మలే. అలాంటి వాటిని మా ఆడపడుచు మేడ మీద పొద్దుటి ఎండలో పెట్టి, ఒక్కొక్కటీ ఫొటో తీసి పింటరెస్ట్‌లో పెట్టేది. అలా పెట్టిన ఒక్కో ఫొటోని పిన్ను అంటారు, పిన్నుల్ని కలిపి ఉంచే చోటుని బోర్డు అంటారు. కింద బొమ్మ పేరు, కర్ర పేరు, ఊరి పేరు రాసేది. ఏళ్ల తరబడి చేసిన పని అది. అమెరికాలో ఉన్న మన పిల్లలు బొమ్మల కొలువు కోసం వెతికితే ఆవిడ ఫొటోలు కనిపించేవి. ఫొటో నొక్కితే నేరుగా ఆవిడ దుకాణం పేజీకి వచ్చేవారు.

ఒక ఏడాది సంక్రాంతి అయ్యాక గ్రాఫ్ పడిపోయింది. ఎర్ర అక్షరాల్లో మైనస్ శాతం చూసేసరికి ఆవిడకి టెన్షన్ పట్టుకుంది, నిద్ర పట్టలేదు. ఫేస్‌బుక్‌లో ప్రకటన చూసి 'ట్రాఫిక్ రికవరీ' చేస్తామన్న ఒక ఏజెన్సీకి ఫోన్ చేసింది. పేరు చెప్పను. "మీ ఖాతాకి షాడోబ్యాన్ పడిందమ్మా, పాత పిన్నులే మిమ్మల్ని కిందికి లాగుతున్నాయి" అన్నారు. షాడోబ్యాన్ అంటే మనకి చెప్పకుండా మన ఫొటోలు జనానికి కనబడకుండా చేయడం. డబ్బు తీసుకున్నారు, పాస్‌వర్డ్ తీసుకున్నారు. పాత బోర్డులన్నీ చెరిపేశారు. వాటి బదులు కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మల చిత్రాలు వరసగా ఎక్కించారు. ఆ మెరుపులు, ఆ నీలాలు ఏటికొప్పాకలో ఏ తరిణి మీదా పుట్టవు. ఎవరో చూసి "ఇదే బొమ్మ కావాలి" అని అడిగితే, లేని బొమ్మను ఎక్కడి నుంచి తేవాలి?

సంక్రాంతి అయ్యాక ఎందుకు పడిపోయిందో ఈ గదిలో చిన్నపిల్ల కూడా చెప్పగలదు. మన వైపు కొలువు సంక్రాంతికి పెడతారు, కొందరిళ్లలో దసరాకి పెడతారు. కనుమ వెళ్లాక కొలువు బొమ్మల కోసం ఎవరు వెతుకుతారు? కిందటేడు జనవరి చివర ఎలా ఉందో ఒక్కసారి పోల్చి చూపించినా ఆవిడ కుదుటపడేది. ఆ ఏజెన్సీ అది చూపించలేదు. దసరా వచ్చింది. ప్రతి ఏడూ వచ్చే ఆర్డర్లు రాలేదు. వచ్చే దారే లేకుండా చేశారు కదా.

అమ్మా, దీన్ని గట్టిగా పట్టుకోండి. పింటరెస్ట్‌లో జనం ఎక్కువగా వెతుక్కుంటూ వస్తారు. మీకు ఫాలోవర్లు తక్కువ ఉన్నా మీ పిన్ను ఎవరైనా తమ బోర్డులో సేవ్ చేసుకుంటే, అది ఏ రకం చిత్రమో, ఎవరికి నచ్చుతుందో ఆ వ్యవస్థకి ఇంకాస్త తెలుస్తుంది. ఎప్పుడో పెట్టిన ఫొటో ఈ రోజు కూడా కొనేవాళ్లను తేగలదు. ఇన్‌స్టాగ్రామ్‌లో స్టోరీ మర్నాటికి పోతుంది, ఇక్కడ అలా కాదు. పిన్ను చెరిపేస్తే మళ్లీ తెచ్చుకోలేం. బోర్డు బాగా లేదనుకుంటే ఆర్కైవ్ చేయండి, లేదా సీక్రెట్‌గా మార్చండి. చెరపకండి. చెరపమని ఎవరు చెప్పినా వినకండి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. నిజంగానే తీయండి, వెనక వరసలో వాళ్లు కూడా. బిజినెస్ ఖాతా ఉన్నవాళ్లు అనలిటిక్స్ తెరవండి. ఇంప్రెషన్స్, సేవ్స్, అవుట్‌బౌండ్ క్లిక్స్ అని ఉంటాయి. అంటే మీ పిన్ను ఎన్నిసార్లు కనబడింది, ఎన్నిసార్లు దాచుకున్నారు, ఎన్నిసార్లు నొక్కి మీ దుకాణం పేజీకి వెళ్లారు అని. వీటిలో ఏది పడిందో చూడకుండా ఏ మందూ వేయకండి.

ఇంప్రెషన్స్ పడితే ముందు సీజన్ చూసుకోండి. నెలతో నెలను పోల్చకండి, కిందటేడు ఇదే నెలతో పోల్చండి. ఇంప్రెషన్స్ బాగానే ఉండి క్లిక్కులు తగ్గితే మీ లింకు నొక్కి చూడండి. దుకాణం పేజీ చిరునామా మార్చి, పిన్నులో పాతది అలాగే వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు. లింకు మీద స్పామ్ హెచ్చరిక వస్తుంటే హెల్ప్ సెంటర్‌లో అప్పీలు పెట్టుకోవచ్చు, దానికి ఏజెన్సీ అక్కర్లేదు. పింటరెస్ట్‌లో లెక్కలన్నీ సరిగ్గా ఉండి మీ వెబ్‌సైట్‌లో మాత్రం జనం కనిపించకపోతే, మీ సైట్ లెక్కలు కట్టే కోడ్‌ను అనుమానించండి. గూగుల్ 2023 జూలైలో పాత అనలిటిక్స్ లెక్క ఆపేసినప్పుడు, కొత్తది పెట్టుకోని సైట్లలో గీత సున్నాకి పడింది. మనుషులు రావడం ఆగలేదు, లెక్కపెట్టడం ఆగింది.

ఇక చేయాల్సిన పని. పాత లింకుకే కొత్త ఫొటో తీసి కొత్త పిన్ను పెట్టండి. పాత ఫొటోనే మళ్లీ మళ్లీ ఎక్కించడం కన్నా కొత్త చిత్రానికే పింటరెస్ట్ విలువ ఇస్తుంది. ఫొటో నిలువుగా ఉండాలి, వెయ్యి పిక్సెళ్ల వెడల్పు, పదిహేను వందల ఎత్తు. శీర్షికలో జనం వెతికే మాట ఉండాలి. 'అందమైన బొమ్మ' అని ఎవరూ వెతకరు, 'బొమ్మల కొలువు', 'చెక్క బొమ్మలు' అని వెతుకుతారు. ఇంగ్లీషులో వెతికేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ మాటలు కూడా రాయండి. సంక్రాంతి సరుకు ధనుర్మాసంలో కాదు, కార్తీకంలోనే పెట్టాలి. ఆ పిన్ను జనం చేతికి చేరడానికి వారాలు పడుతుంది. మీ వెబ్‌సైట్‌ను ఖాతాకి క్లెయిమ్ చేసుకోండి, అంటే అది మీదేనని పింటరెస్ట్‌కి చూపించండి, అప్పుడు దాని మీద నుంచి ఎవరు పిన్ను చేసినా మీ లెక్కలో కనిపిస్తుంది.

మా ఆడపడుచు ఇప్పుడు మళ్లీ మేడ మీద ఫొటోలు తీస్తోంది. పాత ఫొటోల్లో కొన్ని ఆవిడ ఫోన్లో దొరికాయి, చాలా దొరకలేదు. వాటిలో ఒక వృద్ధ కళాకారుడు చేసిన గుర్రాలు, రోకళ్లు ఉండేవి. ఆయన ఇప్పుడు తరిణి పట్టలేరు. ఆ నమూనాలను ఫొటోలో చూసుకుని మళ్లీ చేయించవచ్చని ఆవిడ అనుకునేది. నాకు ఆ ఏజెన్సీ మీద కోపం డబ్బు గురించి కాదు. డబ్బు మళ్లీ సంపాదించుకుంటాం.

అందుకే ఇంకో మాట. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. బిజినెస్ ఖాతాలో వేరేవాళ్లకి పరిమితమైన అనుమతి ఇచ్చే వీలుంది, పని కాగానే తీసేయొచ్చు. మీ ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ పెట్టుకోండి.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇలాంటి ఏజెన్సీలకి డబ్బు కట్టి ఊరుకున్నవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. వ్యాపారానికి కొన్న సేవ కదా, మనకి హక్కు ఉండదని అనుకుంటున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, కేవలం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని ఉంది, సేవల మాట ఆ వివరణలో లేదు. అయినా ముందే ఊరుకోకండి, మన సంగతి ఏమవుతుందో అడిగి తెలుసుకుందాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. యూపీఐ రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరపకుండా ఉంచండి. ఈ సభ అయ్యాక నేను కుడివైపు తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను. వాళ్లు ఏమి చెప్పారు, ఏమి చెరిపారు, ఎంత తీసుకున్నారు, అన్నీ కాగితం మీద రాద్దాం. ఈ రోజే ఫోన్ చేద్దాం.