సలహా కమిటీకి ఆర్టీఐ వర్తించదా? సెక్షన్ 4లో చాలామంది దాటేసే ఎనిమిదో అంశం

నమస్కారం. పాఠ్యపుస్తకాలు మార్చినా, పరీక్షల పద్ధతి మార్చినా, ఈ సలహా ఎవరిచ్చారని అడిగితే ఒక జవాబు రెడీగా ఉంటుంది. "అది సలహా కమిటీ అండీ, నిర్ణయం తీసుకునేది ప్రభుత్వం. సలహా ఇచ్చేవాళ్లకు ఆర్టీఐ ఏంటి?" ఆఫీసుల్లో అంటారు, టీవీ చర్చల్లో అంటారు, చివరికి టీచర్లు కూడా అంటున్నారు. ఇది విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే చట్టంలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా రాసి ఉంది.

ఆర్టీఐ అంటే సమాచార హక్కు చట్టమని, పది రూపాయల దరఖాస్తు ఎలా పెట్టాలో మీకు తెలుసు. అది వదిలేద్దాం. నేరుగా సెక్షన్ 4కి వెళ్దాం. మనం అడగకుండానే ఆఫీసులు తమంతట తాము బయటపెట్టాల్సిన 17 అంశాలు అందులో ఉన్నాయి.

(స్క్రీన్‌పై: సెక్షన్ 4(1)(బి), ఎనిమిదో అంశం)

ఇది నిదానంగా చదువుదాం. ఆ సంస్థలో భాగంగా గానీ, దానికి సలహా ఇవ్వడం కోసం గానీ ఏర్పాటైన బోర్డులు, కౌన్సిళ్లు, కమిటీలు ఏమేం ఉన్నాయో ప్రకటించాలి. ఇద్దరు సభ్యులున్నా సరే, అది లెక్కలోకి వస్తుంది. ఆ సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్, అంటే సమావేశంలో ఏం మాట్లాడారో, ఏం తేల్చారో రాసిన రికార్డు, ప్రజలకు దొరుకుతాయా అన్నది కూడా చెప్పాలి. "సలహా ఇవ్వడం కోసం" అన్న మాట చట్టంలోనే ఉంది, నేను కలిపింది కాదు. ఇంకొంచెం వెనక్కి, సెక్షన్ 2(ఎఫ్) చూడండి. సమాచారం అంటే ఏమిటో చెబుతూ రికార్డులు, ఈమెయిళ్లతో పాటు అభిప్రాయాలు, సలహాలు అని కూడా రాశారు. 2005లో ఈ చట్టం రాసినవాళ్లు సలహా సంఘాల చాటున జరిగేదేంటో ఎరిగినవాళ్లే.

చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది 2005 జూన్ 15న. అక్కడి నుంచి 120 రోజుల్లో ఈ వివరాలన్నీ బయటపెట్టాలి, ఆ తర్వాత ఏటా అప్‌డేట్ చేయాలి. ఇప్పటికీ కొన్ని ఆఫీసుల వెబ్‌సైట్లలో ఎనిమిదో అంశం ఎదురుగా "వర్తించదు" అన్న ఒక్క మాటే ఉంటుంది. అదే ఆఫీసు ప్రెస్‌నోట్‌లో మాత్రం "నిపుణుల కమిటీ సిఫార్సు మేరకు" అని ఉంటుంది!

సరే, ఒక ఉదాహరణ తీసుకుందాం. బడి పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీలో ఎరిక్ అనే కమిటీ ఉంది, విద్యా పరిశోధన, ఆవిష్కరణల కమిటీ. 1974లో ఏర్పాటైంది. విశ్వవిద్యాలయాల నుంచి, పరిశోధనా సంస్థల నుంచి వచ్చినవాళ్లు సభ్యులుగా ఉంటారు. బడి చదువు మీద, టీచర్ల శిక్షణ మీద ఏ పరిశోధనకు డబ్బివ్వాలి అన్న విషయం ఇక్కడికి వస్తుంది. ఆ డబ్బు ప్రజలది, ఆ పరిశోధన రేపు మన పిల్లల తరగతి గదిలోకి వస్తుంది. ఇలాంటి కమిటీ ఏ అంశం ముఖ్యమనుకుంది, దేన్ని పక్కన పెట్టింది, ఎందుకు పెట్టింది? ఫొటోలు చూస్తే ఇది తెలియదు. మినిట్స్ చదివితేనే తెలుస్తుంది.

మన పెళ్లిళ్లే చూడండి. వీడియో ఉంటుంది, ఆల్బమ్ ఉంటుంది, ఎవరెవరు వచ్చారో అందరికీ కనిపిస్తుంది. కానీ ఎవరు ఎంత చదివించారో వీడియోలో దొరకదు. మండపం దగ్గర బల్ల వేసుకుని ఒకాయన రాస్తుంటాడే, ఆ చదివింపుల పుస్తకంలో ఉంటుంది. పేరు, ఊరు, మొత్తం. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకమే తీసి చూస్తాం, ఆల్బమ్ కాదు.

మినిట్స్ అంటే ఆ చదివింపుల పుస్తకం. సమావేశం ఫొటోలు ట్విట్టర్‌లో పెట్టి, శాలువాలు కప్పిన వీడియో పెట్టి, అన్నీ పారదర్శకంగా చేశామని అంటే అది పెళ్లి ఆల్బమ్ చూపించడమే. పుస్తకం ఏదండీ? కొన్నిసార్లు పుస్తకం ఉంటుంది, అందులో "సభ్యులు విలువైన సూచనలు చేశారు" అని ఒక్క లైన్ ఉంటుంది. చదివింపుల పుస్తకంలో "బంధువులు చదివించారు" అని రాసి మూసేస్తే ఇంటి యజమాని ఊరుకుంటాడా?

పుస్తకం దాచేస్తే ఏమవుతుందో 2016లో చూశాం. కొత్త విద్యా విధానం కోసం టీఎస్ఆర్ సుబ్రమణియన్ కమిటీ ఆ ఏడాది మే నెలలో నివేదిక ఇచ్చింది. దాన్ని బయటపెట్టాలని కమిటీ అధ్యక్షుడే బహిరంగంగా అడగాల్సి వచ్చింది. అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మాత్రం ముసాయిదా విధానానికి కొన్ని ఇన్‌పుట్స్ అని ఒక పత్రం పెట్టింది. దాంతో కమిటీ చెప్పింది ఏది, శాఖ చేర్చింది ఏది అని జనం ఊహించుకోవాల్సి వచ్చింది. చదివించినాయనే వచ్చి నేనెంత చదివించానో చూపించండి అని అడిగినట్టు! తర్వాత కస్తూరిరంగన్ కమిటీ ముసాయిదాను 2019లో మొత్తంగా ప్రజల ముందు పెట్టారు. దాని మీద ఎంత గొడవైనా ఆ గొడవ పత్రంలో ఉన్న వాక్యాల మీదే జరిగింది. హిందీ గురించిన వాక్యం మీద దక్షిణాదిలో అభ్యంతరం వస్తే రోజుల్లోనే సవరించారు. బయటపెడితే ఇదీ లాభం.

ఇక్కడ చట్టం పరిమితి కూడా చెప్పాలి. ఎనిమిదో అంశం తలుపులు తెరవమని చెప్పదు. తెరుస్తారా లేదా చెప్పమంటుంది, అంతే. అమెరికాలో 1972 నుంచి కేంద్ర ప్రభుత్వ సలహా కమిటీలకు ప్రత్యేక చట్టం ఉంది. మామూలుగా సమావేశానికి 15 రోజుల ముందు గెజిట్‌లో నోటీసు ఇవ్వాలి, మినిట్స్ రాయాలి, తలుపులు మూస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. మనకూ అలాంటిది కావాలని నా అభిప్రాయం.

మరి అన్నీ ఇచ్చేయాలా? అక్కర్లేదు. ఇంటర్వ్యూ బోర్డు సభ్యుల పేర్లు ఇవ్వనక్కర్లేదని 2012లో బిహార్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, వాళ్లకు ప్రమాదం ఉండొచ్చని. అది న్యాయమే. ఒక్కో పరిశోధన ప్రతిపాదనకు మార్కులు వేసే నిపుణుడి పేరు దాచినా నాకు అభ్యంతరం లేదు. కానీ విధానం మీద సలహా ఇచ్చే కమిటీలో కూర్చున్నవాళ్ల పేరు దాచడం వేరు. దాచాల్సిన భాగం ఉంటే సెక్షన్ 10 ప్రకారం అంతవరకు తీసేసి మిగతాది ఇవ్వాలి. పిల్లల పేర్లున్నాయని ఫైలంతా ఆపేయడం కుదరదు. వ్యక్తిగత సమాచారం మినహాయింపును 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా విస్తరించింది, అందుకే ఆ సాకు ఇకపై ఎక్కువగా వినబడుతుంది. అప్పుడు సెక్షన్ 8(2) గుర్తుపెట్టుకోండి. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చు.

టైమ్ అయిపోతోంది, దరఖాస్తు సంగతి గబగబా చెప్పేస్తాను. "ఎందుకు చేశారు" అని అడగకండి, రికార్డులో లేని కారణం మీకు ఇవ్వరు. కమిటీని వేసిన ఉత్తర్వు, సభ్యుల జాబితా, అజెండా నోట్స్, మినిట్స్, వాటి మీద తీసుకున్న చర్యల నివేదిక, ఈ కాపీలు ఏ సంవత్సరానివో రాసి అడగండి. రాష్ట్ర స్థాయిలో ఇదే పని చేసే ఎస్‌సీఈఆర్‌టీకైనా ఇదే పద్ధతి. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు, అదీ ఫలించకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఒక్క విషయం చాలామంది మర్చిపోతారు. రోజుకు 250 రూపాయల జరిమానా దరఖాస్తుకు సమాచారం ఇవ్వనందుకే గానీ, సెక్షన్ 4 వివరాలు పెట్టనందుకు కాదు. అందుకే ఎనిమిదో అంశాన్ని అంత తేలిగ్గా తీసుకుంటున్నారు. సెక్షన్ 4 అమలును కమిషన్లు నిరంతరం గమనించాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి రెండో అప్పీల్లో ఈ వాక్యం తప్పకుండా కలపండి: "సెక్షన్ 19(8) కింద, ఈ కమిటీ మినిట్స్ అన్నిటినీ వెబ్‌సైట్‌లో ప్రచురించమని ఆదేశించగలరు." అలా ఆదేశం వస్తే ఆ మినిట్స్ కోసం తర్వాత ఎవరూ దరఖాస్తు పెట్టాల్సిన పని ఉండదు.